పద్యంలో ఒదిగిన ఇరవై అంకెలు

ఒకటి, ఎనిమిది, నాలుగు, నాలుగు, ఆరు, ఏడు, నాలుగు, నాలుగు, సున్న, ఏడు, మూడు, ఏడు, సున్న, తొమ్మిది, అయిదు, అయిదు, ఒకటి, ఆరు, ఒకటి, అయిదు. మొత్తం ఇరవై అంకెలు. కామాలు పెట్టి రాస్తే 1,84,46,74,40,73,70,95,51,615. నోటితో చెప్పాలంటే ఒక లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, ఆపైన నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్భై కోట్లు, ఆపైన తొంభై అయిదు లక్షల యాభై ఒక్క వెయ్యి ఆరు వందల పదిహేను. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా గడిగడికీ రెట్టింపు చేసుకుంటూ అరవై నాలుగు గళ్లూ నింపితే పట్టే గింజల మొత్తం ఇది.

చదరంగం కనిపెట్టినవాడు రాజుగారిని ఈ లెక్కన గింజలడిగిన కథ తెలుగు ఇళ్లలో వినని పిల్లలు తక్కువ. కథలో రాజు ఓడిపోవడం దగ్గరే చెప్పేవాళ్లు ఆగిపోతారు. సంఖ్య సంగతులు అసలు మొదలయ్యేది అక్కడే.

ముందు కూడిక సంగతి. అరవై నాలుగు గళ్లనూ వరుసగా రాసుకుని కూడనక్కర లేదు. ఒకటీ రెండూ కలిస్తే మూడు, పక్క గడిలో ఉన్న నాలుగు కంటే ఒకటి తక్కువ. దానికి నాలుగు కలిపితే ఏడు, తర్వాతి ఎనిమిది కంటే ఒకటి తక్కువ. ఎక్కడ ఆపినా అంతే: అప్పటిదాకా పోసిన గింజలన్నీ కలిసి రాబోయే గడి కంటే ఒక్క గింజ తక్కువ. అరవై అయిదో గడి అంటూ ఉంటే అందులో పడాల్సినవి రెండుని అరవై నాలుగుసార్లు వేసి గుణించినన్ని. దాన్ని 2 ఘాతం 64 అంటారు. మొత్తం దానికి ఒకటి తక్కువ.

ఆ గుణకారాన్నీ అరవై మూడుసార్లు చేయనక్కర లేదు. రెండుని దానితోనే గుణిస్తే 4. నాలుగుని నాలుగుతో గుణిస్తే 16. పదహారుని పదహారుతో 256. అలాగే 65,536. ఆపైన 429,49,67,296. ఇంకొక్కసారి వర్గం చేస్తే 2 ఘాతం 64 వచ్చేస్తుంది. ఆరే ఆరు గుణకారాలు. ఘాతాన్ని సగాలు చేసుకుంటూ పోయి, సగం చేసిన చోటల్లా వర్గం చేయడమనే ఈ ఉపాయం పింగళుడి ఛందస్సూత్రాల్లో ఉంది. అది రెండు వేల ఏళ్ల పైచిలుకు నాటిది. క్రీ.శ. 1000 ప్రాంతంలో పండితుడు అల్ బిరూనీ చదరంగపు గింజలను లెక్కగట్టినప్పుడు పదహారుతో మొదలుపెట్టి నాలుగుసార్లు వర్గం చేసి, ఒకటి తీసేశాడు.

సంఖ్య ఎంత పెద్దదో తెలియాలంటే గింజలతోనే చూడాలి. నెల్లూరు జిల్లాలో వడ్ల బేరం ఇప్పటికీ పుట్టి లెక్కనే సాగుతుంది. పుట్టి అంటే 850 కిలోలు. వెయ్యి గింజలు 20 గ్రాములు తూగుతాయని పెట్టుకుంటే పుట్టికి నాలుగుంపావు కోట్ల గింజలు. బల్ల మీద మొదటి వరుస ఎనిమిది గళ్లకు 255 గింజలు, అయిదు గ్రాములు, పిడికెడైనా కావు. రెండో వరుస ముగిసేసరికి కిలో మూడు వందల గ్రాములు. మూడో వరుసకు 335 కిలోలు, 75 కిలోల బస్తాలు నాలుగున్నర. ఇరవై ఆరో గడిలో పుట్టి దాటుతుంది. ముప్పై రెండో గడి, అంటే సగం బల్ల, ముగిసేసరికి 101 పుట్లు. ఎకరాకు మూడు పుట్లు వేసుకుంటే ముప్పై నాలుగు ఎకరాల పంట. పెద్ద రైతుకు ఇదేమీ గాభరా పుట్టించే లెక్క కాదు, కథలో రాజు అప్పటిదాకా నవ్వుతూనే ఉండి ఉంటాడు.

రెండో సగంలో కథ మారుతుంది. ముప్పై మూడో గడి ఒక్కటే మొదటి సగం మొత్తాన్ని ఒక్క గింజ తేడాతో మించిపోతుంది. అరవై నాలుగో గడికి చేరేసరికి మొత్తం సుమారు 43,400 కోట్ల పుట్లు, టన్నుల్లో 36,900 కోట్లు. ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండిస్తున్న వడ్లు సుమారు 80 కోట్ల టన్నులు. ఇదే పంట ఏటా పండినా, ఒక్క గింజ తినకుండా దాచినా నాలుగు వందల అరవై ఏళ్లు పడుతుంది.

ఇసుకతో కొలిస్తే చిత్రం వేరుగా ఉంటుంది. అదే జిల్లా బోగోలు మండలంలో బంగాళాఖాతం ఒడ్డున ఉన్న జువ్వలదిన్నె పేరులోనే దిన్నె ఉంది. ఆ ఒడ్డున తడి ఇసుక చిటికెడు తీసి అరచేతిలో ఆరబెడితే రేణువులు విడివిడిగా కనిపిస్తాయి. ఒక్కో రేణువు అర మిల్లీమీటరు అనుకుంటే ఘనపు సెంటీమీటరు ఇసుకలో ఎనిమిది వేల రేణువులు, అంటే చదరంగంలో దాదాపు పదమూడో గడి దాకా సరిపోయే లెక్క. ఘనపు మీటరు ఇసుకలో 800 కోట్లు, దాదాపు ముప్పై మూడో గడి దాకా వస్తాయి. బల్ల మొత్తానికి 230 కోట్ల ఘనపు మీటర్ల ఇసుక కావాలి. నూరు మీటర్ల వెడల్పు, మీటరు లోతు ఉన్న ఇసుక పట్టీగా పరిస్తే పొడవు 23,000 కిలోమీటర్లు దాటుతుంది. 974 కిలోమీటర్లుగా చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో ఉన్న ఆంధ్ర తీరాన్ని ఇరవై మూడు సార్లు చుట్టబెట్టాలి. గింజ బరువు, రేణువు పరిమాణం ఊహించి తీసుకున్నవే గనుక పుట్లూ కిలోమీటర్లూ అటూ ఇటూ కావచ్చు. ఇరవై అంకెలు మాత్రం కదలవు.

ఈ ఇరవై అంకెలు తెలుగులో ఒక చంపకమాల పద్యంలో ఉన్నాయి. ఆ పద్యం పావులూరి మల్లనదిగా పేరుపడింది. మహావీరాచార్యుడు తొమ్మిదో శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని మల్లన సారసంగ్రహ గణితమనే పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. పావులూరి గణితమని కూడా దాన్ని పిలుస్తారు. మల్లన రాజరాజనరేంద్రుడి కాలంవాడని కొందరు, తాతకూ మనవడికీ ఒకటే పేరు గనుక గ్రంథం మనవడిదని కొందరు సాహిత్య చరిత్రకారులు వాదించుకున్నారు. పదకొండో శతాబ్దమైనా పన్నెండో శతాబ్దమైనా, ఇంత తొలినాళ్లలోనే తెలుగులో గణితం పుస్తకంగా వచ్చిందన్నది విశేషం. కవిత్రయంలో ఒక్క నన్నయ గురించి మాట్లాడేంతలో నూరోవంతు కూడా మల్లన గురించి ఎవరూ మాట్లాడరు.

పద్యంలో అంకెలు అంకెలుగా ఉండవు. సున్నకు ఆకాశం, ఒకటికి చంద్రుడు, రెండుకు కన్నులు, మూడుకు అగ్నులు, నాలుగుకు వేదాలు, అయిదుకు మన్మథుడి బాణాలు, ఆరుకు తర్కాలు, ఏడుకు కులపర్వతాలు, ఎనిమిదికి దిగ్గజాలు, తొమ్మిదికి నవరంధ్రాలు. దీన్ని భూతసంఖ్యా పద్ధతి అంటారు. అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. ముందు చెప్పిన మాట ఒకట్ల స్థానానిది, చివర చెప్పినది అన్నిటికంటే పెద్ద స్థానానిది. అందుకే పద్యం బాణంతో మొదలవుతుంది, అంకెల వరుస చంద్రుడితో ముగుస్తుంది: కుడి చివర అయిదు, ఎడమ చివర ఒకటి.

సంఖ్యలో ఏడు మూడుసార్లు వస్తుంది. మూడు చోట్లా కొండే, మూడు వేర్వేరు పేర్లతో. ఒకటి మూడుసార్లు, మూడు చోట్లా చంద్రుడే, అక్కడా మూడు పేర్లు. నాలుగు నాలుగుసార్లు వస్తుంది: రెండుసార్లు సముద్రం, ఒకసారి వేదం, ఒకసారి బ్రహ్మ ముఖాలు. జువ్వలదిన్నెలో వల వేసేవాళ్లకు సముద్రం ఒక్కటే, పద్యం రాసిన గణితజ్ఞుడికి సముద్రమంటే నాలుగు. రెట్టింపుల మీద పుట్టిన ఈ సంఖ్యలో రెండు అనే అంకె మాత్రం ఎక్కడా లేదు.

తాళపత్రం మీద అంకె ఒకటి చెరిగితే అక్కడేముండేదో చెప్పడం కష్టం. పద్యంలో మాట జారితే గణం తప్పుతుంది, యతి చెడుతుంది, చదివేవాడి చెవికే దొరికిపోతుంది. ఇరవై అంకెలు గుర్తుండటం కష్టం, నాలుగు పాదాల పద్యం ఒకసారి నోటికొస్తే పోదు.

ఛందస్సుకూ ఈ సంఖ్యకూ ఇంకా దగ్గరి చుట్టరికం ఉంది. ఒక అక్షరం లఘువైనా కావాలి, గురువైనా కావాలి. రెండక్షరాల పాదానికి నాలుగు రూపాలు, మూడక్షరాలకు ఎనిమిది. ఆ ఎనిమిదే యగణ మగణాది గణాలు. అక్షరం పెరిగినప్పుడల్లా రూపాలు రెట్టింపవుతాయి, గడి పెరిగినప్పుడు గింజలు రెట్టింపయినట్టే. చంపకమాల పాదానికి ఇరవై ఒక్క అక్షరాలు. ఆ కొలతలో వృత్తాలు 20,97,152 సాధ్యం, వాటిలో చంపకమాలది 7,11,600వ స్థానం. ఈ స్థానం కనుక్కోవడానికి పాదం కింద అక్షరానికొకటి చొప్పున 1, 2, 4, 8 అంటూ రెట్టిస్తూ రాసుకుంటారు. లఘువుల కింద పడినవాటిని మాత్రం కూడి, ఒకటి కలుపుతారు. అరవై నాలుగు అక్షరాల పాదంలో అన్నీ లఘువులే అయితే ఆ కూడిక సరిగ్గా చదరంగపు సంఖ్య. అంటే ఆ సంఖ్యను పద్యంలో పెట్టినవాడు వాడుకున్న ఛందస్సు, ఆ సంఖ్య పుట్టిన రెట్టింపు మీదే నిలబడి ఉంది.

ఇక సంఖ్య లోపలి నిర్మాణం. రెండు ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6 అంటూ నాలుగేసి చొప్పున తిరుగుతాయి. అరవై నాలుగు నాలుగుతో తెగుతుంది గనుక 2 ఘాతం 64 చివర ఆరు, ఒకటి తీస్తే అయిదు. కాబట్టి అయిదుతో భాగించబడుతుంది. అంకెలన్నీ కూడితే 87. అది మూడుతో తెగుతుంది, తొమ్మిదితో తెగదు. సంఖ్యా అంతే. ఏడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది, పదకొండుతో నాలుగు మిగులుతుంది. నాలుగుతో భాగిస్తే మూడు మిగులుతుంది గనుక ఇది ఏ సంఖ్యకూ వర్గం కాదు, రెండు వర్గాల మొత్తం కూడా కాదు. పద్యం విప్పి అంకెలు రాసుకున్నవాడు సరిగ్గా రాశాడో లేదో చూసుకోవడానికి ఈ శేషాలు చాలు.

కారణాంకాలు విడదీయడమంటే మామూలుగా ఇరవై అంకెల సంఖ్యకు పెద్ద శ్రమ. ఇక్కడ తొమ్మిదో తరగతి సూత్రమే సరిపోతుంది: రెండు సంఖ్యల వర్గాల తేడా, ఆ సంఖ్యల మొత్తాన్నీ తేడానూ గుణించినంత. 2 ఘాతం 64 ఒక వర్గం, ఒకటీ వర్గమే. కాబట్టి సంఖ్య రెండు ముక్కలవుతుంది: 429,49,67,297 ఒకటి, 429,49,67,295 రెండోది. రెండో ముక్క మళ్లీ అలాగే విడిపోయి 65,537, 65,535 అవుతుంది. 65,535 విడిపోయి 257, 255. 255 విడిపోయి 17, 15. పదిహేను అంటే అయిదు మూళ్లు. 3, 5, 17, 257, 65,537 అన్నీ ప్రధాన సంఖ్యలే. మిగిలింది మొదటి ముక్క.

ఆ ముక్క దగ్గరే గణితజ్ఞుడు పియర్ దె ఫెర్మా పొరబడ్డాడు. 3, 5, 17, 257, 65,537 ఒకే తీరున పుట్టినవి: రెండుకు 1, 2, 4, 8, 16 ఘాతాలు వేసి ఒకటి కలిపితే వచ్చేవి. అయిదూ ప్రధాన సంఖ్యలే గనుక ఈ తీరున పుట్టేవన్నీ ప్రధాన సంఖ్యలే కావాలని 1640 ప్రాంతంలో అతను నమ్మాడు. తర్వాతది 429,49,67,297. దాన్ని 641 భాగిస్తుందని ఆయిలర్ 1732లో చూపించాడు. 641 మీద గుడ్డిగా చేయి పడలేదు. ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 64 గుణిజానికి ఒకటి ఎక్కువగానే ఉండాలని ఆయిలర్ తర్వాత రుజువు చేశాడు. ఆ వరుసలో ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, ఆ వెంటనే 641. అయిదో ప్రయత్నంలో దొరుకుతుంది.

641 భాగిస్తుందని భాగహారం చేయకుండానే చూడొచ్చు. 640 అంటే 5 ఇంటూ 128. అది 641కి ఒకటి తక్కువ, కాబట్టి శేషాల లెక్కలో దాన్ని మైనస్ ఒకటిగా తీసుకోవచ్చు. నాలుగుసార్లు వేసి గుణిస్తే ప్లస్ ఒకటి. నాలుగు అయిదుల గుణకారం 625, నాలుగు 128ల గుణకారం 2 ఘాతం 28. కాబట్టి 625 ఇంటూ 2 ఘాతం 28కి శేషం ఒకటి. 625 కూడా 641కి 16 తక్కువ, దాని చోట మైనస్ 16 పెట్టొచ్చు. పదహారు అంటే 2 ఘాతం 4. అది 2 ఘాతం 28తో కలిస్తే 2 ఘాతం 32. అంటే మైనస్ 2 ఘాతం 32కి శేషం ఒకటి. అలాంటప్పుడు 2 ఘాతం 32కి ఒకటి కలిపితే శేషం సున్న. భాగించగా వచ్చేది 67,00,417, అదీ ప్రధాన సంఖ్యే.

అలా చదరంగపు సంఖ్యకు ప్రధాన కారణాంకాలు ఏడు: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఏదీ రెండుసార్లు రాదు. భాజకాలు కావాలంటే ఒక్కో కారణాంకాన్ని తీసుకోవడమో వదిలేయడమో చేయాలి. ఏడింటికి ఏడు రెట్టింపులు, మొత్తం 128 భాజకాలు. ఇక్కడా లఘువు గురువుల పద్ధతే.

ఈ కారణాంకాల్లో అయిదు రేఖాగణితంలోకీ వెళ్లాయి. స్కేలు, వృత్తలేఖిని మాత్రమే వాడి పదిహేడు భుజాల క్రమ బహుభుజిని గీయవచ్చని గౌస్ 1796లో, పందొమ్మిదో ఏడు నిండకముందే కనుక్కున్నాడు. బేసి సంఖ్యలో భుజాలున్న క్రమ బహుభుజి గీయడం సాధ్యం కావాలంటే ఆ సంఖ్య ఫెర్మా తీరు ప్రధాన సంఖ్యలను ఒక్కొక్కసారి మాత్రమే గుణించగా వచ్చినది కావాలి. వాంట్‌జెల్ 1837లో ఈ షరతు తప్పనిసరి అని చూపించాడు. ఇప్పటికి తెలిసిన ఫెర్మా ప్రధాన సంఖ్యలు ఆ అయిదే, వాటి గుణకారం 429,49,67,295. సగం బల్ల మీది గింజలు సరిగ్గా అన్నే. అన్ని భుజాల బొమ్మను సిద్ధాంతరీత్యా గీయవచ్చు. పూర్తి బల్ల సంఖ్యలో 641, 67,00,417 చేరాయి గనుక అన్ని భుజాల బొమ్మ గీయడం కుదరదు.

ఫ్రెంచి గణితజ్ఞుడు ఎదువార్ లూకా 1883లో మారుపేరుతో ఒక ఆట అమ్మకానికి పెట్టాడు. మూడు కడ్డీలు, ఒక కడ్డీకి పెద్దది అడుగున చిన్నది పైన ఉండేలా బిళ్లలు. ఒకసారి ఒక్క బిళ్లనే కదపాలి, చిన్నదాని మీద పెద్దది పెట్టకూడదు, అన్నిటినీ ఇంకో కడ్డీకి చేర్చాలి. కాశీలో ఒక ఆలయంలో అర్చకులు అరవై నాలుగు బంగారు బిళ్లలతో ఈ పని చేస్తున్నారనే కథ ఆటకు అతికించారు. అడుగు బిళ్ల కదలాలంటే పైవన్నీ ఒకసారి పక్కకు పోవాలి, మళ్లీ వచ్చి దాని మీద ఎక్కాలి. అందుకే బిళ్ల పెరిగినప్పుడల్లా కదలికలు రెట్టింపై ఒకటి పెరుగుతాయి: 1, 3, 7, 15. అరవై నాలుగు బిళ్లలకు చదరంగపు సంఖ్యే. సెకనుకు ఒకటి చొప్పున కదిపినా 58,400 కోట్ల ఏళ్లకు పైగా పడుతుంది. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లు.

ఈ రోజు ఈ సంఖ్య ఎక్కువగా ఉండేది కంప్యూటర్లలో, ఫోన్లలో. వాటి లోపల అంకెలు రెండే, సున్న, ఒకటి. ఇప్పటి యంత్రాలు సంఖ్యను అరవై నాలుగు చోట్ల పట్టుకుంటాయి. అన్ని చోట్లా ఒకటి ఉంటే వచ్చేది చదరంగపు సంఖ్య. అంతకు మించిన పూర్ణసంఖ్య ఆ గదిలో పట్టదు. పాత పద్ధతిలో ముప్పై రెండు చోట్లే ఉండేవి, వాటిలోనూ ఒకటి ప్లస్, మైనస్ గుర్తుకు పోతుంది. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టే అలాంటి గడియారాలు 2038 జనవరి 19న నిండిపోతాయి. అరవై నాలుగు చోట్ల గడియారంలో గుర్తుకు ఒకటి పోయినా 29,000 కోట్ల ఏళ్లకు పైగా నడుస్తుంది.

నిండిన తర్వాత ఒకటి కలిపితే ఏమవుతుందో బండి మీటరు చూసినవాళ్లకు తెలుసు. తొమ్మిదులన్నీ తిరిగి సున్నలవుతాయి. ఇక్కడ ఒకట్లన్నీ తిరిగి సున్నలవుతాయి. ఒకటి కలిపితే సున్న వచ్చేది మైనస్ ఒకటికి గనుక, గుర్తున్న సంఖ్యలు రాసుకునే పద్ధతిలో ఇవే అరవై నాలుగు ఒకట్లను యంత్రం మైనస్ ఒకటిగా చదువుతుంది. చేతికొచ్చిన ఆ ఒకటి అరవై అయిదో చోట పడాలి. చదరంగం బల్లకు అరవై అయిదో గడి లేనట్టే యంత్రంలో ఆ చోటు లేదు, అది జారిపోతుంది.